కొత్త అక్వేరియంలో చేపలు వెయ్యడానికి ముందు: వైజాగ్ నీళ్లకి ఏ పద్ధతి మంచిది?

కొత్త ట్యాంకు కొంటే చాలా షాపుల్లో జరిగేది ఇదే. ట్యాంకు, రంగురాళ్లు, ఒక ఫిల్టరు, యాంటీ క్లోరిన్ సీసా, ఇంకో నీలం మందు సీసా అన్నీ కవర్లో పెట్టి "రెండ్రోజులు నీళ్లు తిప్పండి, మూడోరోజు వచ్చి చేపలు పట్టుకెళ్లండి" అంటారు. రెండ్రోజుల్లో క్లోరిన్ పోద్ది, అందులో అబద్ధం లేదు. కానీ కొత్త ట్యాంకులో చేపలు ఎక్కువగా పోయేది క్లోరిన్‌కి కాదు, ఒక వారం పది రోజులు బానే తిరిగి తర్వాత ఒక్కొక్కటీ పైకొచ్చి నోరు తెరుస్తాయి చూడండి, అది అమ్మోనియా పని.

చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తది, మిగిలిన మేత కుళ్లినా వస్తది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తది, ఇది చాలావరకు పర్లేదు, వారానికోసారి కొంత నీళ్లు మారిస్తే సరిపోద్ది. ఈ బాక్టీరియా పెరిగి నిలదొక్కుకోవడాన్నే అందరూ సైకిల్ అవ్వడం అంటారు. ఇవి ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టరు స్పాంజికి, రాళ్లకి అతుక్కుని ఉంటాయి. అందుకే ఎవరి ట్యాంకులోంచో బకెట్టు పాతనీళ్లు తెచ్చి పోస్తే పెద్ద ఉపయోగం ఉండదు, వాళ్ల ట్యాంకులో జబ్బుంటే మాత్రం అది బేగి వచ్చేస్తది.

సైకిల్ చెయ్యడానికి ఐదు దారులున్నాయి. చేపలు వేసేసి వాటితోనే చెయ్యడం, చేపల్లేకుండా అమ్మోనియా వేసి చెయ్యడం, నడుస్తున్న ట్యాంకు నుంచి స్పాంజి తెచ్చుకోవడం, బాక్టీరియా సీసా కొనడం, మొక్కలు దట్టంగా వెయ్యడం. ఏది మంచిదని అడిగితే ముందు నేను ఎదురు అడిగేది మీ నీళ్లు ఎక్కడివి అని.

ముందు చూసుకోవాల్సినవి

*నీళ్లు.* వైజాగ్‌లో జీవీఎంసీ (మన కార్పొరేషన్) కుళాయి నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు వైపు నుంచి వచ్చే నీళ్లు, క్లోరిన్ కలిపి వదుల్తారు. చేపలకి ఇవి సుఖం, ఒక రోజు బకెట్లో పెట్టి ఎయిర్ పంపు తిప్పినా చాలు, లేదంటే యాంటీ క్లోరిన్ వాడండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ హార్డ్‌నెస్, అంటే కరిగిన సున్నం లాంటి ఖనిజాలు, ఎక్కువ, సముద్రానికి దగ్గరున్న వీధుల్లో ఉప్పు కూడా తగుల్తది, పైగా తాజాగా తోడిన బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటది కాబట్టి వాటినీ కాసేపు గాలి కొట్టించాకే వాడాలి. అపార్ట్‌మెంట్లలో అసలు గొడవ ఏంటంటే ఓవర్‌హెడ్ ట్యాంకులో కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో టాంకరు నీళ్లు మూడూ కలుస్తాయి, ఈ వారం ఉన్న నీళ్లు వచ్చేవారం ఉండవు. వాచ్‌మేన్‌ని అడిగితే ఏ రోజు ఏ నీళ్లు ఎక్కిస్తున్నాడో చెప్తాడు, ఆ సంగతి మీ ఫ్లాట్ ఓనరుకి కూడా తెలిసుండదు.

దీనికీ అమ్మోనియాకీ లింకు ఉంది. పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 7 దగ్గర, 28 డిగ్రీల నీళ్లలో, టెస్ట్ కిట్‌లో కనపడే అమ్మోనియాలో నిజంగా విషంగా ఉండే భాగం ఒక శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే 6-7 శాతం. అంటే పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ల ట్యాంకులో అదే రీడింగ్ తొమ్మిదింతలు ప్రమాదం. ఆర్వో నీళ్లయితే ఉల్టా సమస్య, బాక్టీరియా పని చేస్తుంటే నీళ్లలోని ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం, ఖర్చవుద్ది, ఆర్వోలో అది ఉండనే ఉండదు, పీహెచ్ దబ్బున పడిపోయి 6.5 కిందకి వస్తే బాక్టీరియా పని నీరసిస్తది. తాగే నీళ్లే మంచివని ఆర్వోతో ట్యాంకు నింపేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా చెయ్యకండి, కావాలంటే కుళాయి నీళ్లలో సగం కలుపుకోండి.

*ఓపిక.* ఎన్ని వారాలు ఖాళీ ట్యాంకు చూస్తూ కూర్చోగలరు? బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అక్వేరియం చూసొచ్చి "నాన్నా మనకీ కావాలి" అని మొదలెట్టిన పిల్లలు ఇంట్లో ఉంటే దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

*టెస్ట్ కిట్.* అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూసేది, చుక్కలేసే రకం. స్ట్రిప్పులు చౌకే, కానీ చాలావాటిలో అమ్మోనియా ఉండనే ఉండదు. డబ్బులు తక్కువుంటే రంగురాళ్లు, ప్లాస్టిక్ కోట, బుడగలొదిలే పెట్టె మానేసి కిట్ కొనండి. కిట్ లేకుండా కింద చెప్పే వాటిలో ఒక్కటి తప్ప ఏదీ సరిగ్గా చెయ్యలేరు.

*కరెంటు.* దీని గురించి చివర్లో చెప్తా, మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

వేడి విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. ఈ బాక్టీరియా 25 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి, అది మన మామూలు గది వేడే. చల్లటి దేశాలవాళ్ల వీడియోలు చూసి సైకిల్ కోసమని హీటరు కొనక్కర్లేదు, డిసెంబరు జనవరిల్లో కొంచెం నెమ్మదిస్తది అంతే.

| పద్ధతి | పట్టే టైము | ఖర్చు | చేపలకి రిస్కు | మీ పని |
|---|---|---|---|---|
| చేపలతోనే | 4-8 వారాలు | తక్కువ | ఎక్కువ | దాదాపు రోజూ టెస్టు, నీళ్లు మార్చడం |
| అమ్మోనియా వేసి | 3-6 వారాలు | తక్కువ, కిట్ కాక | లేదు | రెండ్రోజులకోసారి టెస్టు |
| పాత స్పాంజి | కొన్ని రోజుల నుంచి 2 వారాలు | దాదాపు సున్నా | తక్కువ, జబ్బు రావచ్చు | మంచి ట్యాంకున్న మనిషిని వెతకడం |
| బాక్టీరియా సీసా | చెప్పలేం | మధ్యస్థం | నమ్మి వెంటనే చేపలేస్తే ఎక్కువ | టెస్టు తప్పదు |
| మొక్కలు | 2-4 వారాలు | లైటు బట్టి | తక్కువ | మొక్కల్ని బతికించడం |

పాత స్పాంజి: దొరికితే ఇంకేం ఆలోచించకండి

నా లెక్కలో మొదటి నంబరు ఇదే. ఆరు నెలలుగా చేపలు చావకుండా నడుస్తున్న ట్యాంకు ఎవరిదైనా తెలిస్తే, మీ కొత్త స్పాంజి ఫిల్టరు తీసుకెళ్లి వాళ్ల ట్యాంకులో మూడు నాలుగు వారాలు నడపమనండి. ట్యాంకు కొనకముందే ఈ పని చేస్తే ఇంకా మేలు, స్టాండు చేయించుకుని గ్లాసు తెచ్చుకునే లోపు ఫిల్టరు తయారైపోద్ది. అంత టైము లేదంటే వాళ్ల ఫిల్టర్లోని స్పాంజి ఒక ముక్క అడగండి, ఒక పెళ్లికి పెరుగు తోడెయ్యడానికి పక్కింటి నుంచి గరిటెడు తెచ్చుకున్నట్టే. మొత్తం తీసుకోకండి, వాళ్ల ట్యాంకు దెబ్బతింటది.

తెచ్చేటప్పుడు వాళ్ల ట్యాంకు నీళ్లలోనే ముంచి, కవర్లో గాలి ఉంచి, ఎండ తగలకుండా తెచ్చి వెంటనే మీ ఫిల్టర్లో పెట్టాలి. గాజువాకలో తీసుకుని మధ్యలో జగదాంబలో షాపింగ్ చేసుకుని మధురవాడ చేరేసరికి మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో అది ఉడికిపోద్ది. స్పాంజికి పట్టిన గోధుమరంగు మడ్డి అసహ్యంగా ఉందని కుళాయి కింద కడిగేస్తే ఇంక తెచ్చి ఏం లాభం, మీక్కావాల్సింది ఆ మడ్డిలోనే ఉంది.

షాపు ట్యాంకు నుంచి అడగొచ్చా? అడగొచ్చు, కానీ నేనైతే అడగను. షాపులో రోజూ కొత్త చేపలు దిగుతాయి, తెల్లమచ్చల జబ్బు తిరుగుతుంటది, నీలం మందు పోస్తుంటారు. ఆ నీలం మందు, మెథిలిన్ బ్లూ, ఈ బాక్టీరియాని దెబ్బతీస్తది. ట్యాంకుతో పాటు మీకిచ్చిన సీసా కూడా అదే అయ్యుంటది, దాన్ని అలమరాలో పెట్టెయ్యండి, సైకిల్ అయ్యేవరకు మూత తియ్యొద్దు.

అమ్మోనియా వేసి చెయ్యడం: టైముంటే ఇదే రాజమార్గం

తెలిసినవాళ్ల ట్యాంకు లేదు, ఒక నెల ఆగగలం అంటే ఇది చెయ్యండి. చేప ఉండదు కాబట్టి ఏం జరిగినా ప్రాణం పోదు, పైగా అయిపోయాక ఒకేసారి కాస్త ఎక్కువ చేపలే వేసుకోవచ్చు.

అమ్మోనియా ఎక్కడ దొరుకుద్ది అన్నదే అందరి డౌటు. లాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో అమ్మోనియం క్లోరైడ్ పొడి దొరుకుద్ది. గిన్నెలకి కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం అంటే ఇదే, కానీ బజార్లో దొరికే దిమ్మలో ఇంకేం కలిసిందో తెలీదు కాబట్టి లాబ్ రకమే కొనండి. పది గ్రాముల పొడి అర లీటరు నీళ్లలో కలిపి సీసాలో పెట్టుకుంటే, 50 లీటర్ల నీళ్లకి దాంట్లోంచి 16 మిల్లీలీటర్లు పోస్తే సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్లు, రాళ్లు పోగా, పైన ఖాళీ పోగా 45-50 అనుకోండి. సీసా మీద పేరు రాసి పిల్లలకి అందకుండా పెట్టండి. ఘాటు లిక్విడ్ అమ్మోనియా మాత్రం ఇంట్లోకి తేవద్దు, కళ్లూ ముక్కూ మండిపోతాయి. యూరియా వెయ్యొచ్చా అని అడుగుతుంటారు, వద్దు, అది ఎప్పుడు ఎంత అమ్మోనియా అవుద్దో మీ చేతిలో ఉండదు.

2 పీపీఎం వేసి ఫిల్టరు ఇరవైనాలుగు గంటలూ తిప్పుతూ ఉండాలి. మొదటి వారం పది రోజులు ఏం కదలదు, అది మామూలే. తర్వాత అమ్మోనియా తగ్గడం, నైట్రైట్ ఎక్కడం మొదలవుద్ది, అమ్మోనియా అయిపోగానే మళ్లీ పొయ్యండి. ఇక్కడ చాలామంది తొందరపడి డోసు పెంచేస్తారు, 5 పీపీఎం దాటితే బాక్టీరియాకే ఇబ్బంది, సైకిల్ ఆగిపోద్ది. నైట్రైట్ బాగా ఎక్కి కూర్చుని దిగకపోతే సగం నీళ్లు మార్చెయ్యండి, బాక్టీరియా స్పాంజిలో ఉంది కాబట్టి నష్టమేం లేదు. ఎప్పుడైతే 2 పీపీఎం పోసిన ఇరవైనాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తాయో అప్పుడు అయినట్టు. నైట్రేట్ పోగుపడి ఉంటది కాబట్టి ముప్పావు వంతు నీళ్లు మార్చి, మర్నాడు చేపలు.

పొడి దొరకనివాళ్లు ఇంకోటి చేస్తారు, ఒక పచ్చి రొయ్య పల్చటి గుడ్డలో కట్టి ట్యాంకులో వదిలేస్తారు, అది కుళ్లి అమ్మోనియా ఇస్తది. మన ఊళ్లో రొయ్యకి కొదవేం లేదు కదా, ఫిషింగ్ హార్బరు పక్కనే ఉంది. పని చేస్తది, కానీ ఎంత అమ్మోనియా వస్తదో లెక్క ఉండదు, వాసన గురించి చెప్పక్కర్లేదు. హాల్లో ట్యాంకు పెట్టి రొయ్య కుళ్లబెడితే అత్తగారు ట్యాంకుతో పాటు మిమ్మల్నీ బాల్కనీలో పెడతారు. రోజూ చిటికెడు చేపల మేత వెయ్యడం దీనికన్నా మర్యాదగా ఉంటది, కాకపోతే నెమ్మది.

మొక్కలు: తోటపని ఇష్టమున్నవాళ్లకి

మొక్కలు అమ్మోనియాని నేరుగా తినేస్తాయి. హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, నీటి మీద తేలేవి, ఇలా బేగి పెరిగేవి మొదటిరోజే దట్టంగా వేస్తే బాక్టీరియా వచ్చేలోపు పని అవే చూసుకుంటాయి. దట్టంగా అంటే నిజంగా దట్టంగా, అడుగు భాగం సగానికి పైగా కప్పేసేలా, మూలకో కాడ గుచ్చి ప్లాంటెడ్ ట్యాంకు అంటే కుదర్దు. అనుబియాస్, జావా ఫెర్న్ చావవు గానీ పెరగడం నెమ్మది, ఈ పనికి చాలవు. మనీ ప్లాంట్ తీగ వేళ్లు నీళ్లలో ఉండేలా ట్యాంకు అంచుకి తగిలిస్తే అది కూడా బాగా లాగుతది, ఆకులు మాత్రం బయటే ఉండాలి.

కొత్త ఆకులొస్తున్నాయి, కాడలు సాగుతున్నాయి అంటే పని జరుగుతున్నట్టు, ఆకులు కరిగిపోతుంటే అవే కుళ్లి అమ్మోనియా పెంచుతున్నట్టు. కిట్ లేకుండా కాస్త ధైర్యం చెయ్యగలిగేది ఈ ఒక్క పద్ధతిలోనే, అదీ రెండు మూడు వారాలు మొక్కలు పెరగనిచ్చి, కొద్దిగా చేపలేసేవాళ్లకి. లైటు రోజుకి 6-8 గంటలు చాలు. ట్యాంకు మీద నేరుగా ఎండ పడేచోట పెట్టకండి, వారంలో పచ్చ నాచు పట్టేస్తది. చెరువులోంచి గుర్రపుడెక్క తెచ్చేవాళ్లు దాంతో పాటు నత్తల్ని, జలగల్ని, తూనీగ పిల్లల్ని తెస్తారని గుర్తుంచుకోండి, తూనీగ పిల్ల చిన్న గప్పీ చేపల్ని తినేస్తది.

బాక్టీరియా సీసా

అందరికీ ఇదే కావాలి, పోస్తే అయిపోద్దని. కొన్ని సీసాలు నిజంగా పనిచేస్తాయి, కొన్ని చెయ్యవు, పైనుంచి చూస్తే తేడా తెలీదు. నైట్రైట్‌ని తినేది నైట్రోబాక్టర్ అని పాత పుస్తకాల్లో ఉండేది, 1998లో హోవనెక్ అనే పరిశోధకుడి బృందం అక్వేరియంలలో ఆ పని ఎక్కువగా చేస్తున్నది నైట్రోస్పైరా అని చూపించింది. ఇవి, అమ్మోనియాని తినే నైట్రోసోమోనాస్ కూడా, స్పోర్లు కట్టవు, అంటే ఎండబెట్టి ఏళ్లతరబడి దాచడానికి కుదరవు, బతికున్నవి నీళ్లలోనే రావాలి. పొడి రూపంలో, ఎంత వేడికైనా పర్లేదు అని అమ్మేవాటిలో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ రకం, మడ్డిని తినడానికి పనికొస్తది కానీ మనక్కావాల్సిన ముఖ్యమైన పని దానిది కాదు.

మంచి సీసా అయినా గోడౌన్లో, కొరియర్ వ్యాన్లో, ఎండలో ఎన్ని రోజులు ఉందో ఎవరికి తెల్సు. కొంటే ఎక్స్‌పైరీ చూడండి, చలికాలంలో తెప్పించుకుంటే నయం. పోసిన తర్వాత చేప వెయ్యకుండా 2 పీపీఎం అమ్మోనియా వేసి మూడు నాలుగు రోజులు చూడండి. తగ్గితే మీ డబ్బులు దక్కినట్టు. తగ్గకపోతే మీరు ఎలాగూ అమ్మోనియా పద్ధతిలోనే ఉన్నారు, అలాగే కొనసాగించండి. నా దృష్టిలో సీసా విడిగా ఒక పద్ధతి కాదు, అమ్మోనియా పద్ధతిని కాస్త తొందరపెట్టే ఛాన్సు అంతే.

ఎవరికి ఏది

పిల్లలు ఆగరు అనుకునే ఇళ్లకి మొక్కల పద్ధతే బెస్టు, ఎందుకంటే ట్యాంకు ఖాళీగా ఉండదు, మొక్క పెరగడం చూపించొచ్చు. బోరు నీళ్లవాళ్లు చేపలతో సైకిల్ జోలికి వెళ్లొద్దు, కారణం పైన చెప్పా. అమ్మోనియా పద్ధతి చేసుకుని తర్వాత గప్పీ, మోలీ వేసుకోండి, అవి హార్డ్ నీళ్లలో హాయిగా ఉంటాయి. అద్దె ఇల్లు, బ్యాచిలర్ రూము, ఒక చిన్న ట్యాంకులో ఒక్క ఫైటర్ చేప చాలు అనుకునేవాళ్లకి స్పాంజి ఫిల్టరు, మనీ ప్లాంటు, ఓపిక ఉంటే మేత వేసి సైకిల్. గోల్డ్ ఫిష్ కావాలంటే పెద్ద ట్యాంకు, పూర్తిగా అయిన సైకిల్ రెండూ ఉండాలి, దానంత అమ్మోనియా వదిలే చేప షాపులో తక్కువ. అద్దాలు శుభ్రం చేస్తదని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుద్ది, రెండడుగుల ట్యాంకుకి అది వద్దు.

ఫిల్టరు ఎంచుకునేటప్పుడు కరెంటు గుర్తుపెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మూసి ఉండే కానిస్టర్ ఫిల్టర్లో నీళ్లు ఆగిపోతే లోపల ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం గంటల్లోనే మొదలవుద్ది, కరెంటొచ్చి ఆన్ చేస్తే ఆ కుళ్లంతా ట్యాంకులోకి కొడుతుంది. స్పాంజి ఫిల్టరు అయితే ట్యాంకులోనే తెరిచి ఉంటది, పవర్ బ్యాంకుతో నడిచే చిన్న యూఎస్‌బీ ఎయిర్ పంపు తగిలిస్తే గండం గడుస్తది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి, అందులోనూ అక్టోబరు నవంబరుల్లో, నేను స్పాంజి ఫిల్టరే చెప్తా.

ఇప్పటికే చేపలు తెచ్చేశారా

అయితే మీకు చేపలతో సైకిల్ తప్ప దారి లేదు, దీన్ని చివరికి ఉంచింది అందుకే, ఎవరూ కావాలని ఎంచుకోవాల్సింది కాదిది. ఎక్కువ చేపలుంటే కొన్ని షాపుకి తిరిగిచ్చెయ్యండి, చాలామంది తీసుకుంటారు. రెండడుగుల ట్యాంకులో నాలుగైదు చిన్న గప్పీలు దాటి ఉంచొద్దు. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేంత. రోజూ టెస్టు చేసి అమ్మోనియా, నైట్రైట్ రెండూ కలిపి 0.5 పీపీఎం దాటితే మూడో వంతు నుంచి సగం వరకు నీళ్లు మార్చండి, కొత్త నీళ్ల వేడి పాత నీళ్లకి దగ్గరగా ఉండాలి, క్లోరిన్ తీసినవై ఉండాలి. నైట్రైట్ కనపడే రోజుల్లో 10 లీటర్లకి ఒక గ్రాము రాళ్ల ఉప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోకుండా చాలావరకు అడ్డుకుంటది. నీళ్లు మార్చినప్పుడు తీసినన్ని నీళ్లకే ఉప్పు కలపండి, మళ్లీ మొత్తానికి కాదు. ఫిల్టరు స్పాంజిని ఈ నెలంతా కడగొద్దు, మరీ మూసుకుపోతే ట్యాంకులోంచి తీసిన మగ్గు నీళ్లలో ఒకసారి మెల్లగా పిండి పెట్టెయ్యండి. రెండు రీడింగులూ వరసగా వారం రోజులు సున్నా చూపించేదాకా ఇంకో చేప కొనొద్దు, షాపాయన ఆఫర్ అన్నా సరే.